భూదేవి చేతికి

"ఏం మందులు వదినా, అని అడుగుతడు," అంది భూదేవి పొద్దున ఫోన్లో. కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు. అంగట్లో వంకాయల ధర చెప్పినట్టు చెప్పింది. "సరే, ఉంట మరి," అని పెట్టేసింది. పెళ్ళాం అన్న ఆ మాట బిక్షపతి చెవిలో అప్పటినుంచీ ఆడుతూనే ఉంది. గదిలో ఆడింది, నల్లా దగ్గర ఆడింది, సూరత్ అమ్రోలిలో కామ్‌రేజ్ బస్సు ఎక్కి కడ్డీ పట్టుకుని నిలబడ్డాక ఇంకా గట్టిగా ఆడుతోంది. రాత్రంతా మరమగ్గాల మధ్య నిలబడి వచ్చిన మనిషికి మామూలుగా ఏ చప్పుడూ చెవికెక్కదు. డ్యూటీ దిగాక చాలాసేపు లోకమంతా దూదిలో చుట్టినట్టు ఉంటుంది, పక్కవాడు అరిస్తే పెదాలు కదలడమే కనపడుతుంది. అలాంటి చెవికి ఆ మెల్లటి మాట ఒక్కటి ఎక్కింది. పక్కన సీటు ఖాళీ అయింది. కండక్టరు కూర్చోమని చెయ్యి చూపించాడు. బిక్షపతి తల అడ్డంగా ఊపాడు. కూర్చుంటే ఎవరో చూస్తారనిపించింది. ఎవరు చూస్తారు? ఈ బస్సులో తన పేరు తెలిసినవాడు ఒక్కడూ లేడు. అయినా కడ్డీ వదల్లేదు.

పొద్దున గదికొచ్చి, ఇంకా చొక్కా విప్పకముందే మోగింది ఫోను. భూదేవి తనంతట తాను చేయడం అరుదు. ఆమె దగ్గరున్నది బటన్ల ఫోను. బ్యాలెన్సు అయిపోతుందేమోనని సగం సగం మాటలు మాట్లాడే మనిషి. "మనోళ్లెవరన్న ఊరికి వచ్చేటోళ్లున్నరా? ఉంటే జర పైసలు నా చేతికి పంపు," అంది. అతనికి నిద్ర కళ్ళ మీదికొస్తోంది. "మొన్ననే పంపిన గదనే పరుశురాంకు. వాణ్ని అడుగు," అన్నాడు. పరుశురాం అతని తమ్ముడు, పరాయివాడేం కాదు. ఊళ్ళో రెండిళ్ళకూ మధ్య ఒక్కటే గోడ. పోయినేటి నుంచి సూరత్‌లో తను సంపాదించి పంపే పైసలన్నీ తమ్ముడి ఫోనుకే పోతున్నాయి, ఎందుకంటే రెండిళ్ళలోనూ పైసలు పట్టే ఫోను వాడిదొక్కటే. వాడు తీసి వదినకిస్తాడు. ఇస్తూనే ఉన్నాడు. "అందుతున్నయా?" అంటే "అందుతున్నయ్" అంటుంది భూదేవి. ఇవాళ మాత్రం ఆగింది. "మందులకు," అంది. "మందులకంటే లేదంటడా, అడుగు," అన్నాడు తను, ఇంకా అర్థంకాక. అప్పుడన్నది ఆ మాట. "ఏం మందులు వదినా, అని అడుగుతడు. పక్కన ప్రసన్న ఉంటది. అరుగు మీద వాని దోస్తులుంటరు. ఏమని చెప్పాలె?" ప్రసన్న తమ్ముడి పెళ్ళాం. బిక్షపతి "ఆఁ" అన్నాడు. గదిలో ఒడియా కుర్రాళ్ళు ఇద్దరు పరుపులు చుడుతూ అతని ముఖం వంక చూశారు. వాళ్ళకు తెలుగు రాదు. రాకపోయినా చూశారు. తర్వాత నల్లా కింద కూర్చుని ఒంటిమీద నీళ్ళు పోసుకుంటూ పోసుకుంటూ చెంబు పైకెత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. ఏం మందులో తనూ అడగలేదు. అడగకూడనివాడు నలుగురి ముందూ అడుగుతున్నాడు. తనకేమో ఆ ప్రశ్న తోచనే లేదు.

బస్సు తాపీ వంతెన మీదికెక్కింది. వానలు తగ్గి ఎన్నో రోజులు కాలేదు, నది మట్టిరంగులో నిండుగా పోతోంది. ముందు సీట్లో ఒకావిడ కిటికీలోంచి చిల్లర విసిరి దండం పెట్టుకుంది. అడగడమంటే ఏమిటో నాకు తెలియదా, అనుకున్నాడు బిక్షపతి. కార్ఖానాలో పగారుకు, అంటే జీతానికి, ముందే కొంత కావాలంటే సేట్ బల్ల ముందు నిలబడాలి. సేట్ చెడ్డవాడు కాదు. చెవి దగ్గర ఫోను పెట్టుకునే, అద్దంలోంచి మగ్గాల వైపు చూస్తూనే, "శేనా మాటే?" అంటాడు గుజరాతీలో. దేనికోసం, అని. ఒకసారి చెప్పులు తెగిపోయాయని చెప్పడానికి నామోషీ వేసి, మేనత్త చచ్చిపోయిందన్నాడు. మేనత్త ఇప్పటికీ రాయిలా ఉంది. ఇయ్యడానికి సేట్ ఇచ్చాడు, పైగా జాలిగా ఓ మాటన్నాడు. ఆ జాలి మాట ఆ రోజంతా అరగలేదు. తన రెక్కల కష్టం, తను నేసిన గుడ్డ, దాని పైసలకు తనే కథ కట్టాల్సి వచ్చింది. అట్లా నిలబడ్డప్పుడల్లా కాలివేళ్ళు చెప్పుల్లో ముడుచుకుపోతాయి. భూదేవి చెప్పులు కూడా వేసుకోదు, పక్కింటికే కదా. తమ్ముడి గడప ముందు, గచ్చు మీద, ఆమె వేళ్ళు ముడుచుకుని ఉంటాయి. ఆమె ఏ మేనత్తను చంపి ఉంటుంది? లేకపోతే ఏమీ చెప్పలేక, "ఏం లేదులే మరిదీ," అని నవ్వి, వట్టి చేతులతో తిరిగొచ్చిందా? తిరిగొచ్చాక ఏం చేసింది? బిక్షపతికి ఆ ఇంటి తలుపు కనపడింది, గొళ్ళెం కనపడింది, తలుపు వెనక భూదేవి ఏం చేస్తుందో కనపడలేదు. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటింది. అందులో కలిసి బతికినన్ని రోజులు పోగుచేస్తే చారెడు.

అంతకుముందు ఇట్లా ఉండేది కాదు. అంతకుముందు సోమలింగం మామ ఉండేవాడు. ఆయనా మగ్గం మీద బతికినవాడే. కుడి చెయ్యి పట్టు తప్పాక ఆ పని మానుకుని ఈ పని పట్టాడు. సూరత్‌లోని మనవాళ్ళ దగ్గర నెలనెలా పైసలు పోగుచేసుకోవడం, బనీను లోపల కుట్టించుకున్న జేబుల్లో పెట్టుకుని రైలు జనరల్ డబ్బాలో ఊరికి పోవడం, జనగామ చుట్టుపక్కల ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి రావడం. నూటికి రెండు రూపాయలు ఆయనవి. ఎవరింటికి పోయినా మగవాడి పేరుతో పిలిచేవాడు కాదు. గడప బయట నిలబడి "భూదేవీ" అని కేకేసేవాడట. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ వస్తే ఆ చేతుల్లో పెట్టి, లెక్క చూసుకొమ్మని, ఆమె చూసుకుని తలూపేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదట. దేనికోసం అని అడిగేవాడు కాదు. ఎందుకడుగుతాడు? తిరిగొచ్చేటప్పుడు ఊరి కబుర్లు తెచ్చేవాడు. ఎవరి గోడ కూలింది, ఎవరి బర్రె ఈనింది, బిక్షపతి కూతురు నీరజ గురుకులం నుంచి సెలవులకు వస్తే ఎంత పొడుగైంది. ఆఖరిసారి, చాయ్ గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ, "నీ పెండ్లాం జర సన్నవడ్డది బిడ్డా. ఒక్కసారి పోయిరా," అన్నాడు. విన్నాడు బిక్షపతి. విని ఏమనుకున్నాడు? ఈయన బేరం పోకుండా కథలు చెప్తున్నాడనుకున్నాడు. అప్పటికే చేతిలోకి కొత్త ఫోను వచ్చింది. పైసలు పంపడం నేర్చుకున్నాడు, పక్క గది వాళ్ళకు నేర్పించాడు. వాళ్ళు "ఫోన్ మాస్టర్" అని పిలుస్తుంటే వద్దనకుండా నవ్వేవాడు.

ఆ మధ్యాహ్నం గుర్తుకురాగానే బిక్షపతి కడ్డీకి నుదురు ఆనించాడు. ఇనుము చల్లగా తగిలింది. మార్కండేయ గుడి దగ్గర మనవాళ్ళందరి భోజనాలు. బంతిలో అందరూ కూర్చున్నారు. తను నిలబడి ఉన్నాడు, చేతిలో ఫోను. "మామ ఏం జేస్తడు? రైలెక్కుతడు, పండుకుంటడు, దిగుతడు. గాయన నిద్రకు నూటికి రెండు మనమెందుకియ్యాలె? ఇగో చూడున్రి," అని అందరి కళ్ళముందే తమ్ముడికి పంపాడు. టింగుమంది. ఆకుపచ్చ టిక్కు పడింది. పైసా ఖర్చు లేదు. అందరూ నవ్వారు. ఫోనును చూసి కాదు, మామ నిద్ర గురించి నవ్వారు. ఆ నవ్వు తనకు తియ్యగా ఉంది, ఇంకోమాట కూడా అన్నాడు, అది ఇప్పుడు గుర్తు తెచ్చుకోవడం ఇష్టంలేదు. సోమలింగం బంతి చివర కూర్చుని పప్పన్నం కలుపుకుంటున్నాడు. కలుపుతూనే ఉన్నాడు. పట్టులేని ఆ చేత్తో ముద్ద ఎప్పటికీ ముద్ద కాదు. ఎవరి వంకా చూడలేదు, విస్తరిలో ఒక్క మెతుకు మిగల్చలేదు, విస్తరి మడిచి తనే తీసుకుపోయి పారేశాడు. ఆ నెల సగంమంది, మరుసటి నెల ఇంకొంతమంది మామ చేతికివ్వడం మానుకున్నారు. కొన్నాళ్ళకు మామ కనపడ్డం మానేశాడు. కామ్‌రేజ్ అవతల కట్టే సొసైటీలో వాచ్‌మన్‌గా చేరాడని చాయ్ బండి దగ్గర ఎవరో అన్నారు. మంచిదే, ఒక చోట కూర్చునే పని, అనుకున్నాడు బిక్షపతి. అట్లా అనుకుంటే మనసు తేలికపడుతుంది కనక అనుకున్నాడు.

నేను చెప్పింది తప్పా? ఈ ప్రశ్న స్టాపుల దగ్గర జనంలా ఎక్కి దిగి మళ్ళీ ఎక్కుతోంది. తప్పు కాదు. ఖర్చు లేకుండా పంపే దారి ఉండగా ఎవడైనా రూపాయి ఎందుకిస్తాడు? ఆ మిగిలిన పైసలతోనే కదా నీరజ హాస్టలుకు తాళం పెట్టె కొన్నది. మిగిలాయి, నిజంగానే మిగిలాయి. ఎవరి మీద మిగిలాయి? నెల మొదట్లో తను పరుశురాంకు ఫోన్ చేసి "వచ్చిందా తమ్మీ?" అంటే "వచ్చిందన్నా" అంటాడు, అయిపోతుంది. ఒకసారి అట్లా మాట్లాడుతుంటే వెనక నుంచి దగ్గు వినపడింది. కత్తెర చప్పుడు కూడా వినపడింది, కరకరమని, ఆగి ఆగి. "ఎవరురా?" అంటే, "వదినే. బీడీల ఆకు కత్తిరిస్తుంది, ప్రసన్నకు తోడుగ," అన్నాడు తమ్ముడు. తోడికోడళ్ళు ఎంత కలిసిమెలిసి ఉన్నారు, ఏ ఇంట్లో ఉంటుంది ఇది, అని ఆ రోజు కార్ఖానాలో మగ్గం దగ్గర ఒక్కడే నవ్వుకున్నాడు. భూదేవి బీడీలు చేయదు. ఆమెకు పొగాకు పడదు, దగ్గొస్తుంది. పైసలు చేతికొచ్చేదాకా ఊరికే నిలబడడం బాగుండదని కూర్చుంది. కూర్చుంది కాబట్టి కత్తెర ఇచ్చారు. ఇచ్చారు కాబట్టి కత్తిరించింది. వాళ్ళు కావాలని చేసి ఉండరు. పరుశురాం దుర్మార్గుడు కాదు, చిన్నప్పుడు తన వెనకే తిరిగినవాడు. "ఏడికి పోతయ్ వదినా, నా దగ్గరుంటే బ్యాంకుల ఉన్నట్టే," అని కొంచెం కొంచెం ఇచ్చి ఉంటాడు. చేతిలో పైస ఉన్నవాడు పక్కవాడిని దేనికి అని అడుగుతాడు. సేట్ అడగడం లేదా? పైస వాడిదా కాదా అన్నది కూడా ఎవరికీ గుర్తుండదు, కొన్నాళ్ళకు వాడికే గుర్తుండదు. ఆ చేతిలో పెట్టింది ఎవరు? దసరాకు తమ్ముడు కొత్త బండి ఫోటో పంపాడు. బిక్షపతి దానికి బొటనవేలు బొమ్మ పెట్టాడు.

వరాఛాలో బస్సు ఆగిపోయింది. ముందు ఏదో ఇరుక్కుంది. రోడ్డు పక్కన మనుషులు గుంపులు గుంపులుగా నిలబడి, తెల్లకాగితం పొట్లాలు విప్పి వజ్రాలు చూసుకుంటున్నారు. ఒకడు చిమ్టాతో ఒక రాయిని పట్టుకుని ఎండకు పెట్టాడు. ఇంకొకడు పొట్లం మడిచి జేబులో వేసుకుని తలూపి పోయాడు. రసీదు లేదు, సంతకం లేదు. ఇన్నేళ్ళుగా ఈ దారిన పోతూ వస్తూ, ఇదేం వ్యాపారమని ఆశ్చర్యపోయేవాడు బిక్షపతి. ఇవాళ ఆశ్చర్యం రాలేదు, మామ దగ్గరా రసీదు ఉండేది కాదు. కళ్ళు మండాయి, నిద్ర లేక కావచ్చు. జేబులో ఫోను రెండుసార్లు వణికింది. ఎవరో కొత్తగా చేరినవాడు, ఇంటికి పైసలు ఎట్లా పంపాలి మాస్టర్, అని అడుగుతున్నాడు. జవాబివ్వకుండా జేబులో పెట్టేశాడు. మామను పోయి ఏమని అడగాలి? మామా, ఊరికి పోయేదుంటే జర ఈ పైసలు భూదేవి చేతికియ్యి. నూటికి రెండు కాదు, అయిదు తీసుకో. ఆ మాట లోపల అనుకుంటేనే నోరు చేదెక్కింది. మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేసి, పని ఊడగొట్టి, ఇప్పుడు అవసరం పడగానే బస్సెక్కి పోతున్నాడు. దిగిపోదామా? సర్థానా దగ్గర దిగి తిరుగు బస్సెక్కితే ఎవరికీ తెలియదు. సర్థానా వచ్చింది. జనం దిగారు, జనం ఎక్కారు. తలుపు మూసుకుంది. దిగలేదని ధైర్యం అనుకోవడానికి లేదు, కాళ్ళు కదల్లేదు, అంతే.

కామ్‌రేజ్‌లో దిగి, అడిగి అడిగి ఆ సొసైటీ పట్టుకునేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. సగం కట్టిన మేడలు, కిటికీల చోట వట్టి బొక్కలు. గేటు లోపల సోమలింగం పైపు పట్టుకుని కొత్త గోడను తడుపుతున్నాడు. ఒంటిమీద వాచ్‌మన్ చొక్కా ఇద్దరికి సరిపోయేంత ఉంది. పట్టులేని కుడి చెయ్యి నడుము మీద పెట్టుకుని ఎడం చేత్తో తడుపుతున్నాడు. బిక్షపతిని చూసి పైపు వదల్లేదు గాని, ముఖం విప్పారింది. అదే భరించడం కష్టమైంది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఏంది బిడ్డా, ఇంత దూరం వచ్చినవ్? ఇంటికాడ అందరు మంచిగున్నరా?"

"మంచిగనే ఉన్నరు మామా." అన్నాక అది అబద్ధమని గుర్తొచ్చింది. ఇటుకల మీద కూర్చున్నాడు. "ఊరికి పోయేదున్నదా?"

"ఏడ పోత? గేటు ఇడిసిపెట్టి పోనిస్తరా? పోయిన ఎండకాలం పోయిన, అక్క సచ్చిపోతే. మళ్ల పోలే."

బిక్షపతి చెప్పేశాడు. ఫోను సంగతి, మందుల సంగతి, అరుగు మీద దోస్తుల సంగతి, కత్తెర సంగతి కూడా. తలెత్తకుండా చెప్పాడు. ఇటుక ముక్కను వేళ్ళతో నలుపుతూ, పొడి చేస్తూ చెప్పాడు. అయిదు తీసుకో అన్న మాట మాత్రం రాలేదు. "గందుకే నిన్ను అడుగుదామని వచ్చిన. చేతికిచ్చేటోళ్లు ఎవలన్న ఉన్నరా అని," అని ఆపాడు.

సోమలింగం పైపును గోడ మీంచి తప్పించి కింద పెట్టాడు. నీళ్ళు ఇసుకలోకి పారుతున్నాయి.

"చేతికెందుకు బిడ్డా? ఆమె కాతల్నే ఎయ్యరాదు?"

"ఆమెకు ఫోనేది మామా? బటన్ల ఫోనాయె."

"ఫోనుతోని ఏం పని? బ్యాంకు కాత నంబరు కొట్టి పంపుతరు గదా. మా సూపరైజరు నా పగారు గట్లనే ఏస్తడు మీ అత్త కాతల. ఒక్క పైస పట్టరు. ఊర్లె కిరాణం కొట్టుకాడ మిషను మీద ఏలు పెడుతది, తీస్కుంటది. నువ్వే నేర్పినవంటిరి అందరికి?"

వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగాడు. బిక్షపతికి తెలిసింది ఫోను నుంచి ఫోనుకు పంపడమొక్కటే. కింద ఇంకో వరస ఉంటుంది, బ్యాంకు బొమ్మతో. దాన్ని ఎప్పుడూ నొక్కి చూడలేదు. అవసరం పడలేదు. మొదటిరోజే తమ్ముడు నంబరు చెప్పాడు, సరిపోయింది. భూదేవికి కాత ఉందా లేదా అన్నది మనసుకే రాలేదు.

"ఆమెకు కాత ఏడిది మామా?"

సోమలింగం అతని వంక చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. నోరు జారినవాడి చూపు అది. "ఉన్నది తియ్యి," అన్నాడు.

"ఎట్లున్నది?"

"కరువు పని పైసలు పడాలంటే కాత ఉండాలె గదా బిడ్డా."

నీళ్ళు బిక్షపతి చెప్పుల కిందికి వచ్చాయి. కాళ్ళు తీయలేదు. కరువు పని అంటే ఊళ్ళో ఎండాకాలం సర్కారు పెట్టే మట్టిపని, గడ్డపార, తట్ట. తన ఇంట్లో ఎవరూ ఎన్నడూ పోలేదు. సాలోళ్ళం, మగ్గం నేసేటోళ్ళం, మనకెందుకా పని, అనేవాడు నాయన. తనూ అన్నాడు. భూదేవి వింటుండగానే అన్నాడు.

"నీకు తెల్వదా?" అన్నాడు సోమలింగం చివరికి. "చెరువుల మన్ను తీస్తుంటె చూసిన. నన్ను జూసి కొంగు మొకం మీదికి గుంజుకున్నది. నేనే దగ్గరికి పోయి పలకరించిన. మా ఆయనకు చెప్పకు చిన్నాయినా అన్నది. సూరత్‌ల నలుగుట్ల ఉండేటోడు, పేరు పోతది ఆయనకు, అన్నది. అందుకే చెప్పలే."

ఏదో అనాలని బిక్షపతి నోరు తెరిచాడు. "మామా, ఆ దినం గుడికాడ..." అన్నాడు.

"నువ్వన్నది నిజమే గదా. నూటికి రెండు తీస్కున్న," అన్నాడు సోమలింగం, వంగి పైపు అందుకుంటూ. "రైల్ల నిద్ర మాత్రం పోలే. అంతమంది పైసలు పెట్టుకోని ఎట్ల నిద్రపడ్తది?" అని మళ్ళీ గోడ వైపు తిరిగాడు. ఆయన అక్కడితో ఆపేశాడు. క్షమించాననలేదు, క్షమించలేదనీ అనలేదు. గోడ ఎండిపోతోంది, తడపాలి.

బిక్షపతి కొంచెం అవతలికి, కంకర కుప్ప వెనక్కి పోయి ఫోన్ చేశాడు. చాలాసేపు మోగింది.

"ఏంది, ఇప్పుడు చేసినవ్? పండుకోలేదా?" అంది భూదేవి.

"లేదు. నీకేమైంది భూదేవీ?"

అవతల తలుపు గొళ్ళెం వేసిన చప్పుడు వినపడింది. "నెత్తురు ఆగుతలేదు," అంది చాలా మెల్లగా. "నెలంత అట్లనే. గర్భసంచికి స్కానింగ్ తియ్యాలన్నది డాక్టరమ్మ. అందాక గోలీలు రాసింది. తెస్తె జర ఆగుతది, అయిపోతె మళ్ల మొదలు."

"ఎప్పటిసంది?"

"ఎండకాలం సంది."

ఎండాకాలం. తట్ట నెత్తిన పెట్టుకుని చెరువు గట్టెక్కుతున్న మనిషి కనపడింది. ముఖం మీద కొంగు ఉంది కాబట్టి ఎవరో అనుకోవచ్చు. ఎవరో అనుకోలేకపోయాడు. "ఇగనుంచి నీ కాతల్నే ఏస్త పైసలు," అన్నాడు తొందర తొందరగా. "పుస్తకం మీది నంబరు చెప్పు."

"ఏ కాత?" అంది. తర్వాత, "చిన్నాయిన చెప్పిండా?" అంది. ఇంకా తర్వాత, "కోపం వచ్చిందా?" అంది.

కోపం వచ్చిందా అని తనను అడుగుతోంది. బిక్షపతి కంకర మీద చెయ్యి ఆనించి కూర్చుండిపోయాడు. "నాకేం కోపమే," అన్నాడు.

"నంబరు ఇస్త, అదేం పెద్ద పని. మరిదికేమని చెప్తవ్?" అంది భూదేవి. ఇప్పుడామె గొంతులో పొద్దుటి నెమ్మది లేదు. "పైసలు రాకపోతె వదిన ఏదో చెప్పిందంటడు. ప్రసన్న మాట్లాడది. బోరు ఒక్కటే రెండిండ్లకు, నీళ్లకాడికి నేను పోవాలె. నువ్వాడుంటవ్, ఈడ మొకం మొకం చూసుకునేది నేను."

"నేను చెప్త వానికి."

"ఫోన్లనా?"

అతను చేతికింది కంకర రాయి ఒకటి తీసి పక్కకు విసిరాడు.

"ఫోన్ల చెప్తె నా మీదికే వస్తది. చెప్పేదుంటే వచ్చి చెప్పు. నా ముంగట చెప్పు," అంది భూదేవి. ఇన్నేళ్ళలో ఆమె అతన్ని రమ్మనలేదు. పండక్కి కూడా, వీలైతే రా అనేది.

"వస్తున్న," అన్నాడు. "ఇయ్యాలనే ఎక్కుత. దవాఖానకు సుత పోదాం."

"సేట్ సెలవిస్తడా?"

"ఇయ్యకపోతె మానె," అన్నాడు. అనేశాక భయమేసింది. నిజంగానే ఇవ్వకపోవచ్చు, అతని మగ్గాలు రేపటికే ఇంకొకడికి అప్పజెప్పవచ్చు. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం బండికి జనరల్ డబ్బాలో, మరుగుదొడ్డి పక్క సందులో, నిలబడే చోటు దొరికింది. గదికి పోయి ఒక జత బట్టలు తెచ్చుకునే సమయం మాత్రం చిక్కింది. కార్ఖానాలో పని అప్పజెప్పే ముకద్దంకు ఫోన్ చేస్తే, మగ్గాలు ఎవరు నడపాలని కాసేపు అరిచి పెట్టేశాడు. ఉధ్నా దాటింది, బార్డోలి దాటింది. చెరకు తోటల మీద వెలుగు పలచబడుతోంది. బిక్షపతి తమ్ముడితో అనాల్సిన మాటలు లోపల కూర్చుకోవడం మొదలుపెట్టాడు. నువ్వు నలుగురిల అడగొచ్చునారా, అని ఒకటి అనుకున్నాడు. బాగాలేదు. నువ్వు నా పైసలతోనే బండి కొన్నవా, అని ఇంకొకటి. అది అంటే జన్మలో కలవరు, పైగా నిజమో కాదో తెలియదు. నువ్వు, నువ్వు, అని మొదలైన ప్రతి మాటా పరుశురాం దాకా పోకుండా దారిలోనే తన వైపు తిరుగుతోంది. తలుపు పక్కన ఎవరో ముసలామె మోకాళ్ళు ముడుచుకుని కాస్త చోటిచ్చింది. ఈసారి కూర్చున్నాడు. కూర్చుని, కళ్ళు మూసుకుని, మళ్ళీ మొదటినుంచి వెతుక్కున్నాడు. నేను అడగలే, నాకు తెల్వదు, తెల్సుకుందామని సుత అనుకోలే, అన్న మాట దగ్గర ఆగాడు. అది సరిగ్గా ఉన్నట్టనిపించింది. రెండుసార్లు పెదాలు కదిలించి అనుకుని చూశాక తెలిసింది, ఆ మాట తమ్ముడికి చెప్పాల్సింది కాదని.